ఈ ఏడు కూడా అంతేనా

నవంబరు పద్నాలుగు. ఆ రోజు మేం తిన్నది ఉడకబెట్టిన గుడ్లు, ఒక పక్క మాడిపోయిన రొట్టె, చెరి సగం కమలాపండు. నికాహ్ అయిన మర్నాడు పొద్దున, నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపు మీద అద్దెకు తీసుకున్న ఒంటి గదిలో, కొత్త స్టవ్వు మంట ఎలా తగ్గించాలో ఇద్దరికీ తెలియక. మాడిన వైపు తను లాక్కుంది, కాదు నేను తింటానని నేను లాక్కున్నాను, అది మధ్యలో ఫటుక్కున విరిగింది, నల్లటి పొడి కొత్త దుప్పటి మీదంతా పడింది, దులపడం మానేసి ఇద్దరం నవ్వుతూ కూర్చున్నాం. ఆ తర్వాత ప్రతి నవంబరు పద్నాలుగునా అదే తిండి, కావాలని ఒక పక్క మాడ్చుకుని మరీ, తిన్నాక ఒకళ్ళనొకళ్ళు అదే ప్రశ్న అడుక్కోవడం, ఈ ఏడు కూడా అంతేనా అని. ఇవాళ నవంబరు కాదు, పద్నాలుగూ కాదు. అయినా ఈ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి నా నోట్లో ఆ మసి రుచే ఉంది. ఇంకాసేపట్లో రాత్రి ఇషా నమాజు ముగించుకుని అన్నయ్య మసీదు నుంచి వస్తాడు. అతను వచ్చేలోపు అతని కూతురికి, పిల్లల్లేని కాపురం ఎంత దుఃఖమో నేను చెప్పి ఉండాలి. 'నీకంటే బాగా ఎవడు చెప్తాడ్రా, అనుభవించినవాడివి' అని చెప్పులేసుకుని వెళ్ళాడు. నాకేమో చెప్పడానికి దుఃఖం దొరకడం లేదు, వెతికిన చోటల్లా మాడిన రొట్టె దొరుకుతోంది.

ఆ కూతురు, ఒంటి గదికి మేం తర్వాత చేర్చుకున్న లోపలి గదిలోనే ఉంది, మొగుడితో సహా. మేమంతా దాన్ని పిచ్చుక అంటాం. పుట్టినప్పుడు అంతే ఉండేది, ఇప్పుడు నాకంటే పొడుగు. వినికిడి లేని పిల్లలకు మాటలు నేర్పే టీచరు, అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, పెళ్ళయి నాలుగేళ్ళయింది, పిల్లలు వద్దనుకున్నారు. వద్దనుకోవడం అన్నయ్యకు ఇదివరకే తెలుసు, కుర్రతనం, అదే దిగివస్తుందిలే అనుకున్నాడు. కానీ వచ్చే వారం అల్లుడు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోబోతున్నాడనీ, అది మళ్ళీ వెనక్కి తిప్పుకోలేని బాపతనీ మొన్న ఫోన్లో పిచ్చుక నోరు జారింది. దాంతో అన్నయ్య 'ఆ పని చేస్తే ఇద్దరూ నా గుమ్మం తొక్కొద్దు' అన్నాడు, ఇది 'సరే' అంది. ఆ సరే అన్న గొంతు విని వదిన నాకు ఫోన్ చేసి ఏడ్చింది. తండ్రి గుమ్మం తొక్కొద్దన్నాడు కాబట్టి మధ్యాహ్నం రైలు దిగి తిన్నగా నా గుమ్మం తొక్కారు. సాయంత్రం అన్నయ్య ఇక్కడికే వచ్చాడు. డిపోలో బస్సుల్ని లైన్లో పెట్టి పెట్టి రిటైరైన కంట్రోలరు, గొంతు ఇంకా బస్సుల సైజులోనే ఉంది, ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, నా టేబుల్ మీద స్క్రూల డబ్బా ఆ అదురుకి గలగలమంది. పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ వినబడ్డాక ఆగారు. 'పెద్దవాడివి, ఇక్కడే ముందు నిలబడి నమాజు చదివించు అన్నయ్యా' అంటే 'నేను మసీదుకే పోతా, ఇషా దాకా అక్కడే కూర్చుంటా' అని పోయాడు. నా మోకాళ్ళు వంగవు కాబట్టి నేను కుర్చీ మీదే చదువుకుంటాను. అల్లుడు చదివించాడు, నేను అతని కుడి పక్కన కుర్చీలో, పిచ్చుక మా వెనక. అతని గొంతు మెత్తగా, తొందర లేకుండా ఉంది. ఇంత నెమ్మదిగా చదివేవాడు అన్నయ్య చెప్పినంత మొండివాడు ఎలా అవుతాడు అనుకుంటూ ఒక వాక్యం దగ్గర ధ్యాస తప్పాను, దేవుడు క్షమించాలి.

అనుభవించినవాడివి. ఈ మాటకి నవ్వు రావాలి, రావడం లేదు, ఎందుకంటే అన్నయ్య దాన్ని ప్రేమతో అన్నాడు. మేం దాచింది ఏమీ లేదు. పెళ్ళయిన రెండో ఏడే అన్నయ్యకు చెప్పాను, డిపో బయట టీ తాగుతూ, 'మేం పిల్లలు వద్దనుకున్నాం అన్నయ్యా, ఇద్దరం కలిసే అనుకున్నాం' అని. అతను గ్లాసు కింద పెట్టి నా భుజం మీద చెయ్యి వేసి, కళ్ళలో నీళ్ళు తిప్పుకుని, 'నాకు తెలుసురా, ఇంకేం చెప్పకు' అన్నాడు. ఏం తెలుసో నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మరదలికి పిల్లలు పుట్టరనీ, ఆ మాట నలుగురిలో పడకుండా తమ్ముడు వద్దనుకున్నామని కథ అల్లాడనీ. నిజం చెప్పిన పాపానికి నన్ను మహానుభావుణ్ణి చేసి కూర్చోబెట్టాడు. ఎవరింట్లో మొగుడూపెళ్ళాల గొడవ జరిగినా వెళ్ళి నా కథే చెప్పేవాడు, 'మగాడంటే మా తమ్ముడు, పెళ్ళాం మీద ఈగ వాలనివ్వడు' అని. తను ఒకసారి నేరుగా 'బావగారూ, నాకు ఏ జబ్బూ లేదండీ, నాకే వద్దు' అంటే, 'అంతే అమ్మా, అంతే, అలా అనుకోవడమే మంచిది' అని తల నిమిరి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తను దిండులో మొహం పెట్టుకుని నవ్వీ నవ్వీ 'మీ అన్నయ్యకి నిజం చెప్పడం కంటే ఏనుగుకి దర్జీ పని నేర్పడం తేలిక' అంది. ఇంక చెప్పడం మానేశాం. ఎన్నిసార్లని చెప్తారు, చెప్పిన ప్రతిసారీ నా మీద ఆయన గౌరవం ఇంకో మెట్టు పెరుగుతుంటే.

కిటికీ కింద టైర్ల షాపు వాడు గాలి యంత్రం ఆపాడు, వీధి ఒక్కసారిగా వదులైంది, ఎవరి ఇంట్లోనో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తను కడిగితే చప్పుడు ఉండేది కాదు. పెళ్ళికి ముందే చెప్పింది, పెద్దవాళ్ళు మమ్మల్ని మాట్లాడుకోమని వరండాలో కూర్చోబెట్టి, అటు తిరిగి ఉన్నట్టు నటిస్తున్నప్పుడు. 'నేను పుట్టిన రోజే మా అమ్మ పోయిందండీ. నా పుట్టినరోజుకి మా ఇంట్లో ఎవరూ నవ్వరు. నాకు ఆ పురిటి గదిలోకి వెళ్ళే ధైర్యం లేదు, ఎప్పటికైనా వస్తుందని మాటివ్వలేను. మీకు పిల్లలు కావాలంటే ఇప్పుడే లేవండి, నేనేమీ అనుకోను.' నేను లేవలేదు. ఆలోచించాను అని కూడా చెప్పలేను, ఆ పిల్ల మెడ మీద ఒక చిన్న పుట్టుమచ్చ ఉంది, దాన్ని చూస్తూ ఉండిపోయాను. పెళ్ళయ్యాక భయం వేసింది, మనిషి భయం కాదు, పైవాడి భయం. మా పేటలో అప్పటి ఇమామ్‌గారికి చత్వారం, అక్షరాలు అలుక్కుపోతున్నాయని షాపుకొచ్చారు. పరీక్ష ఫ్రేము ఆయన ముక్కు మీద పెట్టి, ఒక కంటికి నల్ల బిళ్ళ వేసి, ఆయన అటూ ఇటూ కదలలేని సమయం చూసి అడిగాను. ఆయన ఒంటికన్నుతోనే నన్ను తేరిపార చూశారు. 'నాయనా, ఈ విషయంలో పెద్దలు ఒక్క మాట మీద లేరు. ప్రవక్తవారి సహచరులే బిడ్డ కలగకుండా జాగ్రత్తపడేవారు, దైవవాక్యం దిగుతున్న రోజులే అవి, వద్దని ఏమీ దిగలేదు. రావలసిన ప్రాణం ఎవరు అడ్డుపడ్డా వస్తుందని మాత్రం వాళ్ళతో అన్నారాయన. నా సమాజం పెద్దదైతే నాకు గర్వం అని కూడా అన్నారు కాబట్టి, పిల్లల్ని కనడమే మేలు అని నేనూ అంటాను. తిండి ఎక్కణ్ణించి తేవాలి అన్న భయంతో అయితే ఆ భయం నీది కాదు, తిండి పెట్టేవాడు వేరే ఉన్నాడు. శాశ్వతంగా తెగ్గొట్టుకోవడం, ప్రాణం మీదికి వస్తే తప్ప, చాలామంది ఒప్పుకోలేదు. మిగతాది మీ ఇద్దరి మధ్యా. కానీ ఇద్దరి మధ్యా అన్నాను, విన్నావా? బిడ్డ మీద ఆమెకీ హక్కుంది. ఆమె అనుమతి లేకుండా మొగుడు జాగ్రత్తపడటానికి లేదని చెప్పిన పెద్దలున్నారు. నీకూ హక్కుంది, నిన్ను అడక్కుండా ఆమె చెయ్యకూడదు. మనసు మారితే రెండోవాళ్ళకి తెలియాలి.' ఆగి, 'పాపం అనను, పుణ్యం అనను. మేలైనదాన్ని వదిలారు అంటాను, అంతకు ఒక్క మాట ఎక్కువ అనను. ఇప్పుడు ఈ బిళ్ళ తియ్యి, కన్ను వేడెక్కింది' అన్నారు. ఇంటికెళ్ళి చెబితే తను అన్నీ విని, 'ఆడపిల్లల్ని కొందరికి, మగపిల్లల్ని కొందరికి, ఇద్దర్నీ కొందరికి ఇస్తాడు, కొందరికి ఎవర్నీ ఇవ్వడు అంటారు కదండీ, ఆ నాలుగోదీ ఆయన చేత్తో పంచిందే కదా, అది అడిగి తెచ్చుకుంటే తప్పంటారా' అంది. తప్పో ఒప్పో నాకు తెలియదు. మనసు మారితే తెలియాలి అన్న ముక్క మాత్రం ఇద్దరం పట్టుకున్నాం. ఏడాదికోసారి అడుక్కుందాం అన్నది తనే.

అడగడం నాకు వృత్తి. కాలేజీలో చదివింది ఏదైతేనేం, పని నేర్పింది షాపు పెద్దాయన. సన్నటి చీకటి గది, చివర వెలిగే అక్షరాల పలక, కుర్చీలో మనిషి. ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, 'ఇది బాగుందా, అది బాగుందా' అనాలి. మొదట్లో నేను 'ఇది ఇంకా బాగుంది కదూ' అనేవాణ్ణి, వాళ్ళు అవుననేవాళ్ళు, వారం తిరక్కుండా తలనొప్పని వెనక్కి వచ్చేవాళ్ళు. పెద్దాయన నా చెవి మెలిపెట్టి 'నీ గొంతులో జవాబు ఉండకూడదురా, ఉంటే వాడు నీ కళ్ళతో చూసి వెళ్ళిపోతాడు' అనేవాడు. గొంతులోంచి జవాబు తీసెయ్యడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ప్రతి నవంబరు పద్నాలుగునా, పెదవి చివర మసితో, అలాగే అడిగేవాణ్ణి. తనూ అలాగే అడిగేది. నా నుంచి నేర్చుకుని నాకంటే బాగా అడిగేది. ఒక్కో ఏడు నాకు, నిజం చెప్పొద్దూ, బడి వదిలే వేళకి షాపు ముందు నుంచి వెళ్ళే పిల్లల్ని చూస్తే లోపల ఎక్కడో ఈకతో గీసినట్టుండేది. అదీ చెప్పేవాణ్ణి. 'ఈ ఏడు కాస్త గీసింది' అనేవాణ్ణి. 'ఎంత?' అనేది. 'ఈకంత.' 'ఈక కంటే పెరిగితే చెప్పండి' అనేది, చెయ్యి పట్టుకుని. పెరగలేదు. చెప్పాను కాబట్టే పెరగలేదేమో.

తొమ్మిదో ఏడు, కమలాపండు తొనలు విడదీస్తూ, 'ఈ ఏడు నాకు తెలియడం లేదు' అంది. అంతే అంది. నేను ఎందుకని అడగలేదు. ఆ ఏడాది మేం ఏ జాగ్రత్తా పడలేదు. ఆ ఏడాదంతా ఇంట్లో మాటలు మునివేళ్ళ మీద నడిచాయి. తను వదినతో పాటు కూర్చుని దువా చేసేది, ఏం అడుగుతోందో నాకు చెప్పలేదు, నేనూ చెప్పలేదు నేనేం అడుగుతున్నానో. వదిన దువాలు ఎప్పటి నుంచో నడుస్తున్నాయి, మరదలి ఒడి నింపమని ఆవిడ వేడుకోని రోజు లేదు. ఆ ఏడు ఆవిడ దువా ఫలించింది, కాకపోతే ఆవిడకే. ముగ్గురు పిల్లలు పెద్దవాళ్ళయి, చంటిదాని బట్టలన్నీ పంచిపెట్టేసి, ఇంక ఆ గొడవ లేదనుకున్న వయసులో వదిన నెల తప్పింది. సిగ్గుతో, కోపంతో మా ఇంటికొచ్చి నెత్తి కొట్టుకుంది, 'నీ పేరు మీద అడిగితే నా ఇంట్లో దిగిందేమిటే, ఆయనకి అడ్రసు సరిగా చెప్పలేదా నేను!' అని. తను నవ్వాపుకోలేక గోడ పట్టుకుంది. అలా పుట్టింది పిచ్చుక. పుట్టిన మర్నాడే వదిన దాన్ని తెచ్చి మరదలి ఒళ్ళో పెట్టి 'నీ సామానే, కాస్త పెంచి పెట్టు' అంది. తను పట్టుకుంది, వదిలిపెట్టడానికి ఇష్టంగానే ఉంది అని తర్వాత నాతో అంది, ఎత్తుకోవడం ఎంత బాగుందో తిరిగి ఇచ్చేయడం అంత బాగుంది అని, ఆ మాట అన్నందుకు తనే భయపడి నా మొహం చూసింది. ఆ నవంబరులో ప్రశ్న అడిగాను. 'ఈ ఏడు తెలుసు' అంది, మొహం తేటగా ఉంది, 'ఇంక అంతే.' వీధి మాత్రం తనని పిచ్చుకమ్మ అని పిలవడం మొదలుపెట్టింది, ఎప్పుడు చూసినా దాన్ని చంకన వేసుకుని తిరిగేది కదా. ఇమామ్‌గారు కొత్త అద్దాల్లోంచి చూసి 'దీనికి పెద్ద సాక్ష్యమే ఉందమ్మా, ప్రవక్తవారి ఇల్లాలు ఒకామెకు పిల్లల్లేరు, అక్క కొడుకు పేరుతో తల్లీ అని పిలిపించుకుంది' అన్నారు. ఆ రోజంతా తను ఇంట్లో నేల మీద నడవలేదు.

గది లోపల మంచం కిర్రుమంది. పిచ్చుక వచ్చింది, జుట్టు రేగి, కళ్ళజోడు నుదుటి మీద, చేతిలో మంచినీళ్ళ గ్లాసు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది, బడికి వెళ్ళే రోజుల్లోలా.

"నిద్ర పట్టలేదా?"

"ఆయన పడుకున్నారు, గోడకి ఆనుకుని కూర్చునే. లిఫ్టుల్లో అలవాటు. సరే, మొదలుపెట్టు బాబాయ్."

"ఏం మొదలుపెట్టను?"

"నాన్న అప్పజెప్పిన పాఠం. పిల్లల్లేని ఇల్లు శ్మశానం, ముసలితనంలో గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కుండదు, అవీ ఇవీ."

"నీళ్ళ గ్లాసు నీ చేతిలోనే ఉందిగా, ఇటివ్వు."

ఇచ్చింది. నవ్వింది, ఆ నవ్వు సగంలో తండ్రి మీది కోపం గుర్తొచ్చి ఆగింది. నేను నీళ్ళు తాగాను, ఎంతసేపు తాగవచ్చో అంతసేపు తాగాను. ఇది ఒకటే అవకాశం, అన్నయ్య వచ్చాక అరుపులే. దుఃఖం చెప్పనా? ఉంది, చెప్పాలంటే. తను పోయాక వచ్చిన సాయంత్రాలున్నాయి, షాపు మూసి పైకి వస్తే గదంతా నా కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉండి, ఏ మూలా తను లేకుండా. తనకి ఆఖరి స్నానం చేయించింది వదినా, ఇదిగో, ఈ పిచ్చుకా. ఇది బయటికి వచ్చి తడి చేతులతో నా రెండు చేతులూ పట్టుకుని 'పిన్ని చాలా తేలికగా ఉంది బాబాయ్' అంది. ఆ దుఃఖానికి కొడుకులున్నా కూతుళ్ళున్నా చెయ్యగలిగింది లేదు. దాన్ని తెచ్చి ఈ పిల్ల ముందు పెట్టి ఇది పిల్లల్లేని దుఃఖమే అని చెబితే, చనిపోయినవాళ్ళ మీద కట్టుకథ. హాయిగా గడిచింది, మీరూ అలాగే చెయ్యండి అని చెబితే, అది కూడా నా కళ్ళతో చూడమనడమే. పెద్దాయన నా చెవి పట్టుకున్నట్టే అనిపించింది. గొంతులోంచి జవాబు తీసేశాను.

"ఇది అతని మాటా, నీ మాటా?"

"ఇద్దరిదీ." వెంటనే వచ్చింది. మరీ వెంటనే. కుర్చీలో మనిషి అంత తొందరగా జవాబు చెబితే అద్దం మార్చి మళ్ళీ అడగాలి.

"మళ్ళీ అడుగుతాను. తొందర లేదు. ఇది అతని మాటా, నీ మాటా?"

అది తల వంచుకుని గచ్చు మీద వేలితో ఏదో రాసింది, చెరిపింది. "మొదట ఆయనదే బాబాయ్. వాళ్ళమ్మకి ఆరోగ్యం బాగుండక, పదేళ్ళప్పటి నుంచి తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ ఆయనే సాకారు. చంటిపిల్ల ఏడుపు వింటే ఇప్పటికీ ఒళ్ళు బిగుసుకుపోతుంది ఆయనకి. నా వంతు పెంపకం అయిపోయింది అంటారు. పెళ్ళికి ముందే చెప్పారు, మోసం ఏమీ లేదు. నాకేమో బడిలో రోజంతా పిల్లలే, ఒక్కొక్కళ్ళ నోట ఒక్క అక్షరం పలికించి ఇంటికొస్తే కడుపు నిండిపోయి ఉంటుంది. ఆకలి లేనివాళ్ళని తినమంటే ఎలా? కాబట్టి నాది కూడా. ముప్పాతిక వంతు నాదే."

"మిగతా పాతిక?"

కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కుంది. "ఆ పాతిక వంతు నోరెత్తుతుందేమోననే ఆపరేషన్‌కి సరేనన్నాను. అయిపోతే ఇంక అడుక్కోవాల్సిన పని ఉండదుగా. హాయి."

"మాకు అడుక్కోవడమే హాయిగా ఉండేది" అన్నాను.

అప్పుడు చెప్పాను, గుడ్లూ, మాడిన రొట్టే, వరండా, ఇమామ్‌గారి నల్ల బిళ్ళ, ఈకంత గీత, అన్నీ. అది నోరు తెరుచుకుని వింది. 'అయితే పిన్నికి పుట్టక కాదా? మరి నాన్న?' అంది. 'మీ నాన్నకి చెప్పాం, ఆయన వినలేదు' అంటే చేత్తో నోరు మూసుకుని, లోపల మొగుడు లేస్తాడని చప్పుడు రాకుండా మెలికలు తిరిగి నవ్వింది. తొమ్మిదో ఏడు దాకా వచ్చి ఆగాను. చెప్పాలనిపించింది, ఆ ఏడాది మేం అడిగాం, మాకు రాలేదు, నువ్వొచ్చావు అని. చెప్పలేదు. ఒక మనిషి తన పుట్టుక తనే మోసుకోవాలి, మా అడగడం కూడా దాని నెత్తిన ఎందుకు. 'ఒక ఏడాది మీ పిన్నికి మనసు ఊగింది, ఊగిందని చెప్పింది, మళ్ళీ కుదుటపడింది, అదీ చెప్పింది' అన్నాను. 'అంటే తెగ్గొట్టుకోవద్దంటావ్, అంతేనా?' అంది. 'నేనేమీ అనను. మతం ఏమంటుందో ఇమామ్‌గారి మాటగా చెప్పాను, ఆయన కంటే నాకు ఎక్కువ తెలియదు. నువ్వు పాతిక వంతు అన్నావు. అది అతనికి తెలుసా?' తల అడ్డంగా ఊపింది. లేచి లోపలికి వెళ్ళింది.

గోడ పల్చన. మాటలు రావు, గొంతులు వస్తాయి. దాని గొంతు చాలాసేపు, అతనిది పొట్టిగా, మళ్ళీ దానిది, తర్వాత ఎవరిదీ కాదు. మసీదులో ఇషా అయిపోయి ఉంటుంది, వీధిలో మనుషులు తిరిగి వస్తున్న అడుగులు. అన్నయ్య అడుగు వాటిలో ఉంటుంది, ఎడమ చెప్పు ఈడుస్తాడు. ఇది గనక ఇప్పుడు ఏడుస్తూ బయటికొస్తే, ఆయన గనక అదే సమయానికి లోపలికొస్తే. అల్లుడొచ్చాడు, ఒక్కడే, కళ్ళు ఎర్రగా, వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి చొక్కా గుండీ తిప్పుతూ, "చిన్నమావయ్యా, అడుక్కోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ ఏదో ఒక ఏడు తను కావాలంటే? నాకు చేతకాకపోతే?" అన్నాడు. పదేళ్ళ పిల్లాడు అడిగినట్టుంది. "ఆ ఏడు చేతకాదని నువ్వు చెప్పు. చెబితే కదా తనకి తెలిసేది. ఇద్దరిలో ఒకరే మోసే మాట ఎవరి నడుమునైనా విరుస్తుంది" అన్నాను. అతను తల ఊపి, కొంచెం ఆగి, "వచ్చేవారం వెళ్ళడం లేదు. ఎప్పటికీ కాదని కాదు. ఇప్పటికి" అన్నాడు. ఇప్పటికి. అది చాలు, ఇమామ్‌గారు కూడా అంతకు మించి అడిగేవారు కాదు. 'వెళ్ళి పడుకో బాబూ, రైల్లో నిలబడి వచ్చారు' అన్నాను.

అన్నయ్య వచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. చెప్పులు విడిచి, టోపీ మడిచి జేబులో పెట్టి, నా ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. "చెప్పావా?"

"అడిగాను."

"చెప్పరా అంటే అడగడమేమిట్రా! డాక్టరు దగ్గరికెళితే వాడే ఎదురు తన నాడి చూడమన్నాడట."

"ఆపరేషన్ మానుకున్నారు. ఇప్పటికి."

అతను కళ్ళు మూసుకున్నాడు, పెదాలు కదిలాయి, దేవుడికి కృతజ్ఞత. తర్వాత కళ్ళు తెరిచి, "ఆ ఇప్పటికి ఏమిటి? పిల్లల్ని కంటారా కనరా?"

"అది వాళ్ళే ప్రతి ఏడూ చూసుకుంటారు. మేం చూసుకున్నట్టు."

"మీరు చూసుకోవడమేమిటి..." అన్నవాడు ఆగాడు. డిపో బయట టీ గ్లాసు కింద పెట్టినప్పటి చూపే, కానీ ఈసారి చెయ్యి నా భుజం మీదికి రాలేదు. నేను కళ్ళు తిప్పుకోలేదు. "ఒరేయ్. అప్పుడు నువ్వు చెప్పింది?"

"నిజమే అన్నయ్యా. అప్పుడూ నిజమే."

"మరదలు చెప్పింది?"

"అదీ."

"ముప్పై అయిదేళ్ళుగా ఊరందరికీ నిన్ను..." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మీ వదిన ఏడవని రోజు లేదురా. చేసిన దువాలన్నీ ఏమయ్యాయి?"

"లోపల పడుకుంది."

అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు, గొంతు సర్దుకుని నేల చూశాడు. "మరి సుఖంగానే ఉండేదా అది? మరదలు? మా జాలి అంతా భరిస్తూ?" అన్నాడు, బస్సుల గొంతు ఎక్కడికో పోయింది.

"ఉండేది. మీ జాలి అంటే తనకి ఇష్టం. అంత ప్రేమగా ఎవరు జాలిపడతారు అనేది."

"పిచ్చి మనిషి" అన్నాడు, మరదల్నో తనని తానో. లేచాడు. లోపలి గది వైపు నడుస్తుంటే, లేపుతాడేమో, ఇంకో మాట అనేస్తాడేమో, ఆపాలని కుర్చీ చేతులు పట్టుకున్నాను, మోకాళ్ళు లేవలేదు. అతను గుమ్మం ముందు నిలబడిపోయాడు. నా కుర్చీలోంచి కూడా కనిపిస్తోంది, అల్లుడు చాప మీద గోడకి ఆనుకుని, మెడ ఒక పక్కకి వాలి, పిచ్చుక మంచం మీద ముడుచుకుని, చిన్నప్పటిలాగే ఒక చెయ్యి చెంప కింద. హాల్లోని లైటు దాని కళ్ళ మీద పడుతోంది, రెప్పలు చిట్లించుకుంటోంది. అన్నయ్య ఎంతసేపు చూశాడో. తర్వాత గడియ టక్కుమనకుండా పిడిని కిందికి నొక్కిపట్టి, నలుగురు పిల్లల్ని నిద్రపుచ్చిన చేత్తో, తలుపుని అంగుళం అంగుళం దగ్గరికి వేసి, చప్పుడు లేకుండా మూశాడు.